భోగినాడు పారవేయబోయిన ఫైళ్లు

2020వ సంవత్సరమున భోగి పండుగ జనవరి 14వ తేదీన వచ్చినది. తెల్లవాఱక మునుపే లేచి, విఱిగిన కుర్చీకాళ్లను, పుచ్చిన తలుపుచెక్కను, ఎండిన తాటియాకులను వాకిట పోగువేసి నిప్పంటించి చలి కాచుకొనుచుండగా, మా బావమరిది నవ్వుచు నాతో, "బావగారూ, నేడు మీ కంప్యూటరుకు కూడ భోగియే" అనెను. అతడు చెప్పినది నిజము. మైక్రోసాఫ్టువారు 2009లో వెలువరించిన విండోస్ 7 అను ఆపరేటింగు సిస్టమునకు రక్షణ సవరణలు పంపుట సరిగా ఆ దినముననే మానివేసిరి. మా నాన్నగారి కంప్యూటరు అప్పటికి ఆ విండోస్ 7తోనే నడచుచుండెను.

మా స్వగ్రామము దివిసీమలో కోడూరు ప్రాంతమున నున్న చిన్న పల్లె. బందరునుండి చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డయొద్ద కృష్ణపాయను గడచి, అవనిగడ్డమీదుగా పోవలెను. నేను ఈ పాఠశాలలో చదివి, పిదప బందరులోనే ఉద్యోగమున కుదిరినవాడను గనుక సంక్రాంతికి ఇల్లు చేరుట నాకు ఏటేట తప్పని యాత్ర. మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందిన తరువాత, 2010లో, ఆ కంప్యూటరును కొనిరి. వారు దానిని చూచుకొనినట్లు కొందఱు ఎడ్లజతనైనను చూచుకొనరు. ప్రతిదినము తుడిచెదరు; పని ముగిసినంతనే పాత పంచెతో కప్పెదరు. పైన ఇంత శుభ్రముగా నున్నను లోపల పదియేండ్ల దుమ్ము పేరుకొని యుండెను. అది గుడ్డకు అందు దుమ్ము కాదు.

మా బావమరిది గుడివాడలో కంప్యూటర్లు బాగుచేయు పనిలో నున్నాడు. పండుగకు వచ్చుచు పెన్‌డ్రైవులో విండోస్ 10ను ఎక్కించుకొని వచ్చెను. భోగిమంట చల్లారి, పిల్లలకు తలంట్లు ముగిసిన తరువాత మేమిద్దరము ఆ పనికి పూనుకొంటిమి. క్రొత్త సిస్టమును ఎక్కించుటకు ముందు యంత్రము మనలను ఒక ప్రశ్న యడుగును. మీ ఫైళ్లను, ప్రోగ్రాములను రెంటిని ఉంచవలెనా? మీ ఫైళ్లను మాత్రమే ఉంచవలెనా? లేక ఏమియు ఉంచవలదా? మూడింటిలో దేనినో యొకదానిని ఎన్నుకొనవలెను. నాన్నగారి కంప్యూటరులో ఎప్పుడో ఎవ్వరో ఎక్కించి మఱచిన ప్రోగ్రాములు కుప్పలుగా నున్నవి. వానిని మోసికొని పోవుటేల యని నేను నడిమి మార్గమును ఎన్నుకొంటిని. బావమరిది, "ఆలోచించి నొక్కండి బావగారూ" అనకపోలేదు. ఫైళ్లు నిలుచుచున్నవి గదా, ఇంకేమి ఆలోచించవలెనని నొక్కితిని. కావున ఈ కథలోని తప్పు నాదే. ఈ మాట ముందే చెప్పుట మంచిది.

మధ్యాహ్నమంతయు యంత్రము తనలో తాను గొణుగుకొనుచు మూడు నాలుగు మాఱులు ఆగి మరల లేచెను. సాయంకాలమునకు నీలపు తెఱతో క్రొత్త విండోసు కనబడినది. నాన్నగారి ఫైళ్లన్నియు పేర్లతో సహా తమ తమ చోట్లనే యున్నవి. అందఱమును సంతోషించితిమి. పిల్లలకు పండుపోసి హారతి యిచ్చునపుడు తీసిన ఫొటోలను ఆ రాత్రియే అందులోనికి ఎక్కింపబోగా, చోటు చాలదని యంత్రము మొఱపెట్టెను. అరువది జీబీల సి డ్రైవులో రెండు జీబీలైనను మిగులలేదు. ఎఱ్ఱగీత తెఱమీద నిండుగా నిలిచెను.

"ఏమయినదిరా?" అని నాన్నగారు అడిగిరి.

"క్యాష్ నిండిపోయినది మామగారూ" అని బావమరిది బదులు చెప్పెను.

"మన యింట అది ఎన్నడు నిండినదయ్యా!" అని వారు నవ్విరి.

చదువరులలో చిన్నవారికి ఈ క్యాష్ అను మాట కొంత విప్పి చెప్పవలెను. ఇది రొక్కమను అర్థముగల క్యాష్ కాదు. చెవికి రెండును ఒక్కటిగా వినబడును గాని వ్రాతలో వేఱు. ఇది ఫ్రెంచి భాషలో దాచుట యను అర్థముగల మాటనుండి పుట్టినది. దూరపు అడవులలో తిరుగు వేటకాండ్రు తిరుగుదారిలో పనికివచ్చునని తిండిని, సరకును దాచియుంచిన చోటిని అట్లనెడివారు. 1968లో ఐబిఎం కంపెనీవారి సిస్టమ్/360 మోడల్ 85 అను యంత్రమును వర్ణించునపుడు ఆ మాట కంప్యూటర్ల లోకమునకు వచ్చినది. మెట్టసీమలలో ధాన్యమును దాచు పాతర యను మాట మనకు దీనికి సరిగా సరిపోవును. మా దివిసీమలో మాత్రము రెండు మూడడుగులు త్రవ్వినంతనే నీరూరును గనుక పాతరలకు వీలులేదు. గడ్డిమోకు చుట్టిన పురులే మాకు గతి. వంటయింటిలో అమ్మ చేయు పనియు ఇట్టిదే. పురినుండి దినదినము ధాన్యము తీసి దంపించుట కష్టమని, వారమునకు సరిపడు బియ్యమును చిన్న డబ్బాలో పోసి పొయ్యిప్రక్కన ఉంచుకొనును. ఆ డబ్బా బోర్లపడినను కొంపమునుగదు, పురి యున్నది. యంత్రమునకు క్యాష్ అనగా ఆ డబ్బా వంటిది.

మనము ఫొటోలున్న ఫోల్డరును తెఱచినంతనే చిన్నచిన్న బొమ్మలు కనబడును. ప్రతిసారియు పెద్ద ఫొటోను చదివి బొమ్మను కుదించుట యాలస్యమని యంత్రము వానిని ఒకమాఱు చేసి దాచుకొనును. ఇంటర్నెట్టులో మనము చూచిన పుటల చిహ్నములను, చిత్రములను బ్రౌజరు అట్లే దాచుకొనును. మైక్రోసాఫ్టువారు పంపిన సవరణల మూటలు ఎక్కించుట ముగిసిన పిమ్మట కూడ ఒక మూలను పడియుండును. వీనిని చెఱిపివేసినచో మొదటిసారి కొంత నెమ్మదిగా నడచునే గాని నష్టము లేదు. కావలసినవానిని యంత్రము తానే మరల తెచ్చుకొనును.

అయితే మా ఇంటి యంత్రమున చోటును మ్రింగినది ఈ చిల్లర క్యాష్ కాదు. నది దారి మార్చుకొన్నను పాత పాయ వెంటనే పూడిపోదని మా సీమలో ప్రతివానికి తెలియును. విండోసు స్వభావమును అట్టిదే. క్రొత్తది వచ్చినప్పుడు పాతదానిని చెఱిపివేయదు. దానిని దానిదైన సమస్త సామగ్రితో కట్టగట్టి విండోస్.ఓల్డ్ అను ఫోల్డరులోనికి నెట్టును. క్రొత్త సిస్టము నచ్చనివాడు వెనుకకు మరలుటకు పది దినములు గడువిచ్చి, ఆ గడువు దాటగానే ఎవ్వరిని అడుగక తానే తుడిచివేయును. అదిగాక, ఎక్కించు సమయమున విప్పుకొనిన మూటలను, పేరు మొదట డాలరు గుర్తుగల మఱియొక ఫోల్డరులో మఱుగుగా వదలును. మా లెక్కకు విండోస్.ఓల్డ్ ఇరువదియొక్క జీబీలు, ఆ మఱుగు ఫోల్డరు అయిదు జీబీలు తేలినవి.

పది దినములు వేచియుండుటకు ఓపిక యెవ్వరికి? సంక్రాంతి గడచినది. కనుమనాడు కాకియైనను కదలదందురు గనుక బావమరిది గుడివాడ ప్రయాణము మానుకొనెను. ఆ తీఱికలో శుద్ధికి కూర్చుంటిమి. డిస్క్ క్లీనప్ అను పనిముట్టును తెఱవగా నొక పట్టిక వచ్చినది. ప్రతి పేరుకు ఎదుట ఒక చిన్న గడి; గడిలో టిక్కు పెట్టినదెల్ల పోవును. తాత్కాలిక ఫైళ్లు, సవరణల మిగుళ్లు, చిన్నబొమ్మలు, తప్పుల నివేదికలు అని బావమరిది చకచక టిక్కులు పెట్టుకొనిపోవుచుండెను. ఆ వరుసలోనే డౌన్‌లోడ్స్ అను పేరును కనబడెను. నేను అతని చేయి పట్టుకొంటిని.

ఈ డౌన్‌లోడ్స్ సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. 2018 అక్టోబరులో వచ్చిన కూర్పుతో మైక్రోసాఫ్టువారు ఈ ఫోల్డరును చెత్త పట్టికలో చేర్చిరి. 2020 మే నెల కూర్పులో మరల తీసివేసిరి. మేము కూర్చున్నది ఈ రెంటికి నడుమ. చెత్త పట్టికలో ఉన్నదంతయు చెత్తయేనని నమ్మువారు ఎందఱు తమ కాగితములను ఆ కాలమున పోగొట్టుకొనిరో! నాన్నగారి డౌన్‌లోడ్స్ ఫోల్డరును తెఱచి చూచితిమి. మీభూమి వెబ్‌సైటునుండి వారు దించుకొనిన అడంగలు ప్రతులు అందులో ముప్పదికి పైగా నున్నవి. ఒకే పొలము, ఒకే సర్వే నంబరు. నమ్మకము చాలక నెలకొకసారి దించుకొనుట వారి యలవాటు. "ఇవి పోయినను మరల దించవచ్చును మామగారూ" యని బావమరిది యన్నను వారు ఒప్పుకొనలేదు. అడంగలుల క్రింద మా అమ్మ కంటి శస్త్రచికిత్సకు ముందు తీసిన ఫొటోలును, అమెరికానుండి మా చెల్లెలు పంపిన పసిదాని తొలి నడక వీడియోయును ఉన్నవి. ఆ వీడియోను పంపిన ఫోను అంతకుముందే చెడిపోయినది. వానిని డి డ్రైవులోనికి తరలించి, డౌన్‌లోడ్స్ గడి జోలికి పోకుంటిమి. అప్పటికి మేము చాల తెలివిగలవారమని తలచుకొంటిమి.

పట్టికలో క్రిందికి పోగా అసలైన బరువు కనబడెను. వెనుకటి విండోసు, 21 జీబీలు. టిక్కు పెట్టితిమి. సరే యని నొక్కబోవుచుండగా, గారెలు చల్లారుచున్నవని లోపలినుండి అమ్మ కేక వేసెను. మినపగారెలు చల్లారినచో అమ్మకు వచ్చు కోపము ఎఱిగినవాడను గనుక యంత్రమును అట్లే వదలి లేచితిని. ఇందులో నా వివేకమేమియు లేదు.

భోజనమైన పిమ్మట హంసలదీవి ప్రాంతమునుండి నాన్నగారి పూర్వవిద్యార్థి యొకడు పండుగ పలుకరింపునకు వచ్చెను. అతని తాత 1977 ఉప్పెనలో పోయినవాడు. నాన్నగారు అతనిని కూర్చుండబెట్టి, "మీ తాతగారినిగూర్చి మీ నాయనమ్మ చెప్పినది వ్రాసి యుంచితిని, చూచెదవుగాక" యని కంప్యూటరుకడకు పిలిచిరి.

ఆ వ్రాతలనుగూర్చి ఇక్కడ చెప్పవలెను. 1977 నవంబరు 19, శనివారమునాడు సముద్రము దివిసీమపై బడినది. ఆనాటి మృతులు పదివేల ప్రాంతమని లెక్కలు చెప్పును. అంతకు పూర్వము 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్పదివేలమంది పోయిరందురు. నాన్నగారు పాఠము చెప్పునపుడు ఈ రెండంకెలను నల్లబల్లపై వ్రాసి, "బందరు ఉప్పెనలో పోయినవారి పేర్లు పది చెప్పుడు" అని యడుగుచుండిరి. ఎవ్వరును చెప్పలేకపోయెడివారు. మన యుప్పెననైనను అట్లు అంకెగా మిగులనీయరాదని వారు మా పల్లెయు చుట్టుపట్ల పల్లెలును తిరిగి, బ్రతికి బయటపడినవారు చెప్పినది చెప్పినట్లు నోటు పుస్తకములలో వ్రాసికొనిరి. పోయినవారి పేరు, వయస్సు, ఏ చెట్టుకడ కనబడిరి, ఎవరు గుర్తుపట్టిరి, ఏమి చూచి గుర్తుపట్టిరి. ఒకామెను చీరచెఱగున కట్టుకొనిన తాళపుచెవిచే గుర్తించిరట. విశ్రాంతి పొందిన తరువాత వారు రెండేండ్లు శ్రమపడి వానిని కంప్యూటరులోనికి ఎక్కించిరి. నోటు పుస్తకములలో సగమును చెదలు తినినవి. చెప్పినవారిలో అనేకులు నేడు లేరు.

నాన్నగారు ఫైలును తెఱచిరి. తెఱనిండ ఆంగ్లాక్షరములు, వానిలో కొన్నింటి నెత్తిన చుక్కలు, కొన్నింటి నెత్తిన టోపీలు, నడుమనడుమ పౌండు గుర్తులు. తెలుగక్షరము ఒక్కటియు లేదు. వారు కండ్లజోడు తీసి తుడుచుకొని మరల పెట్టుకొనిరి. ఆ ఫైలును మూసి వేఱొకటి తెఱచిరి, అదియు అట్లే. మూడవదియు అట్లే. వచ్చిన యువకుడు మర్యాదకు తల ప్రక్కకు త్రిప్పుకొనెను.

"అబ్బాయీ, ఇవి నా అక్షరములు కావురా" అని నాన్నగారు మెల్లగా ననిరి. కోపపడియున్నను నాకింత బాధ కలుగకపోయెడిది.

జరిగినదేమో మా బావమరిదికి వెంటనే తెలిసినది. నేడు మనము ఫోనులో వ్రాయు తెలుగు యూనికోడు తెలుగు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పునుండియు తెలుగునకు 128 స్థానముల గడి యొకటి కేటాయింపబడి యున్నది. అందులో క అను అక్షరమునకు ఒక సంఖ్య, ఖ అను అక్షరమునకు ఒక సంఖ్య. ఏ యంత్రముననైనను ఆ సంఖ్యకు ఆ యక్షరమే. కాని అది మన వాడుకలోనికి వచ్చుటకు పూర్వము అచ్చుపనికి వాడిన ఫాంట్ల పద్ధతి వేఱు. తెలుగక్షరమును తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అని ముక్కలుచేసి, ఆ ముక్కలను ఆంగ్లాక్షరముల పీఠములపై కూర్చుండబెట్టెడివారు. ఫైలులో దాగియున్నది ఆంగ్లాక్షరమే. ఫాంటు అనెడి అద్దములోనుండి చూచినపుడు మాత్రము అది తెలుగై కనబడును. అద్దము పోయినచో తెలుగు పోవును. నాన్నగారి అద్దమును గుడివాడలోని ఒక డీటీపీ సెంటరువారు ఎక్కించి యిచ్చిరి. అందఱెఱిగిన పెద్ద ఫాంట్లవలె కాక, ఆ అంగడివారు తమ సౌకర్యమునకై కొన్ని ముక్కల స్థానములను మార్చుకొనినది. అందుచేత పాత ఫాంట్ల వ్రాతను యూనికోడుగా మార్చు ప్రోగ్రాములకు అది లొంగలేదు. ఒక పుటను పెట్టి చూడగా, కొమ్ములుండవలసిన చోట ఒత్తులు వచ్చి, మనుష్యుల పేర్లన్నియు రాక్షసుల పేర్లయినవి.

నేను ఫైళ్లను మాత్రమే ఉంచుమంటిని. యంత్రము నా మాటను అక్షరాల పాటించినది. ఫాంట్లు మనము చేసికొనిన ఫైళ్లు కావు. అవి విండోసు ఫోల్డరులోని వస్తువులు గనుక పాత విండోసుతో పాటు పోయినవి.

బావమరిది గుడివాడకు ఫోను చేసి స్నేహితుని పంపెను. ఆ డీటీపీ సెంటరు మూతబడి అయిదారేండ్లయినదట. అక్కడ సెల్‌ఫోను అట్టలు అమ్ముచున్నారట. బందరులో నాకు తెలిసిన ఇద్దరు అచ్చుపనివారిని అడిగితిని. అట్టి ఫాంటు పేరు వారు వినలేదు. పెన్‌డ్రైవులను వెదకితిమి, ఫైళ్లకు నకళ్లున్నవి, రెండు చోట్ల, మూడు చోట్ల, జాగ్రత్తగా. ఫాంటునకు మాత్రము ఒక్క నకలైనను లేదు. వాక్యములన్నియు పదిలముగానే యున్నవి. చదువుటకు మాత్రము వీలులేదు. ఇంటివారందఱును మౌనముగా నుండిరి. పిల్లలు కూడ గాలిపటములను దింపిరి.

అప్పుడు బావమరిది, "పాత విండోసు పోలేదు గదా బావగారూ" అనెను.

ఇద్దరమును ఒక్కసారిగా తెఱవంక చూచితిమి. ఫైళ్ల కిటికీలవెనుక, గారెలకొఱకు వదలివచ్చిన చెత్త పట్టిక ఇంకను తెఱచియే యున్నది. వెనుకటి విండోసు, 21 జీబీలు. దాని ఎదుటి గడిలో మా చేతితో పెట్టిన టిక్కు. సరే యను మీట దానిక్రింద వెలుగుచున్నది. నాన్నగారి చేయి ఆ మధ్యాహ్నమంతయు మౌసుపై ఎటులెటుల పోయినదో తలచుకొనిన నాకిప్పటికిని గుండె జల్లుమనును. ముందుగా రద్దు మీటను నొక్కి ఆ కిటికీని మూసితిమి.

సి డ్రైవులో విండోస్.ఓల్డ్, దానిలో విండోస్, దానిలో ఫాంట్స్. నీకు అనుమతి లేదని యంత్రము ఒకమాఱు అడ్డగించి, యజమానులమే యని చెప్పగా దారి విడిచెను. అక్కడ వందలకొలది ఫైళ్లు, ఒకదాని పేరునకు అర్థము లేదు. నాన్నగారికి తమ ఫాంటు పేరు జ్ఞాపకము లేదు; నిత్యము తొడిగికొను చొక్కాను కుట్టినవాని పేరు ఎవ్వరికి జ్ఞాపకముండును? అయితే తెఱమీది అక్షరములు చెడిపోయినను, వర్డు ప్రోగ్రాము తన పైవరుసలో నున్న చిన్న పెట్టెలో ఈ వ్రాతకు కావలసిన ఫాంటు పేరును చూపుచునే యున్నది. ఆ పేరును చీటిమీద వ్రాసికొని వెదకితిమి. దొరికినది. నూఱు కేబీలైనను లేని చిన్న ఫైలు. ఇరువదియొక్క జీబీల గుట్టలో అది ఎన్ని లక్షల పాళ్లలో ఒక పాలో మా పిల్లవాడు తరువాత లెక్కగట్టెను. రెండు లక్షలలో ఒక పాలైనను కాదు.

దానిని క్రొత్త విండోసులో ఎక్కించి, నాన్నగారి ఫైలును మూసి మరల తెఱచితిమి. చుక్కలు, టోపీలు, పౌండు గుర్తులు మాయమై, వంకరటింకర ఒత్తులతో ఆ పాత తెలుగు తెఱనిండ నిలిచెను. నాన్నగారు ఏమియు అనలేదు. పుటలు త్రిప్పి, అంతవఱకు కదలక కూర్చున్న ఆ యువకుని తాత పేరును వెదకి, నాయనమ్మ చెప్పినదానిని మొదటినుండి తుదివఱకు అతనికి చదివి వినిపించిరి. అతడు దానిని ఫోనులో రికార్డు చేసికొనెను.

ఆ రాత్రి ఫాంటును మూడు పెన్‌డ్రైవులలో దాచితిమి. బావమరిది ఊరకుండక, పాత విండోసును మఱియొకసారి గాలించి, నాన్నగారు నిఘంటువులో స్వయముగా చేర్చుకొనిన మాటల జాబితాను కూడ పట్టి తెచ్చెను. మఱునాడు డాలరు గుర్తుగల ఫోల్డరును చెఱిపితిమి. విండోస్.ఓల్డును మాత్రము చెఱుపుటకు నాకు చేయి రాలేదు. గడువు తీఱువఱకు ఉండనిచ్చితిమి. నెలాఖరున నేను మరల ఇంటికి పోయి చూడగా, అది తనంత తానే పోయి యుండెను. సి డ్రైవు గీత నీలిరంగులో సగమునకు దిగియుండెను.

అద్దము దొరికినను, అద్దముపై ఆధారపడు వ్రాత ఎంతకాలము నిలుచును? ఆ మార్చి నెలలో దేశమంతట లాక్‌డౌను విధింపబడుటకు ముందే నేను ఇల్లు చేరి అక్కడనే చిక్కుపడితిని. ఆ దినములలో నాన్నగారు పాత ఫైలును చూచి చదువుచుండగా నేను యూనికోడులో వ్రాయుచుంటిని. ఉదయము రెండు గంటలు, సాయంకాలము ఒక గంట. పేర్లయొద్ద వారు ఆగి, "ర కాదు, ఱ" అని దిద్దెడివారు. తాళపుచెవి ఆమె పుటకు వచ్చిన దినమున ఇక చాలునని లేచిపోయిరి. ఆగస్టునకు పని ముగిసెను.

విండోస్ 10కు సాధారణ సహాయము కూడ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 కోరు టీపీఎం 2.0 అను భద్రతా సాధనము మా పదునైదేండ్ల యంత్రములో లేదు గనుక, ఆ దసరా సెలవులలో బావమరిది దానిలో లినక్స్ మింటును ఎక్కించెను. లినక్సువారి సంప్రదాయమొకటి నాకు నచ్చినది. సిస్టములోని ఏ ఫోల్డరులో ఏమి యుండవలెనో చెప్పు నియమావళి వారికి కలదు. అందులో వార్ అను ఫోల్డరులోని క్యాష్ ఫోల్డరునకు ఒక నియమమున్నది. చెఱిపినను నష్టము కలుగనిది, ప్రోగ్రాము తిరిగి తయారుచేసికొనగలది మాత్రమే అందులో ఉంచవలెను. దించుకొనిన మూటలన్నియు అక్కడనే చేరును. ఆప్ట్ క్లీన్ అను ఒక్క యాజ్ఞతో అవి పోవును. డబ్బాను డబ్బా యని, పురిని పురి యని పేరుపెట్టి పిలుచుట యన్నమాట. మన యింటి యంత్రములలో అందఱును అట్లు పేర్లు పెట్టియుండినచో నేను ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే లేకపోయెడిది.

ఆ దినమున బావమరిది పెన్‌డ్రైవును గ్రుచ్చి, మౌసును చేతిలోనికి తీసికొనగానే, ప్రక్కగదిలో పడుకొనియున్న నాన్నగారు లేచివచ్చిరి. వారికి ఇప్పుడు చూపు బాగుగా ఆనదు. కుర్చీ వెనుక నిలిచి, "అయ్యా, నొక్కుటకు ముందు ఒక మాట. నా అక్షరములు ఎక్కడ నున్నవి?" అని యడిగిరి. బావమరిది మూడు చోట్లను పేరుపేరున చెప్పెను. అడంగలులో యని మరల అడిగిరి. అవియు ఉన్నవని చెప్పిన తరువాత కాని కుర్చీని విడువలేదు.